డీజిల్ కారు కొనడమా, మానడమా?

పెళ్ళి చేసి చూడు, ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. మామూలు సంసారి కారు కొనే రోజు వస్తుందని వారి కాలంలో ఎవరూ అనుకోలేదు గనుక ఆ మాట అక్కడితో ఆగింది. ఇవాళ చెప్పవలసి వస్తే "కారు కొని చూడు" అని మూడవది కూడా తప్పక చేర్చి వుండేవారు. నా మట్టుకు నాకు మొదటి రెండూ అయినాయి. మూడవదానిలో దిగి నాలుగు నెలలు అల్లాడాను. ఆ నాలుగు నెలలూ మా యింట్లో కాఫీ దగ్గరా, భోజనాల దగ్గరా, చివరికి సత్యనారాయణ వ్రతం నాడు పీటల మీద కూడా ఒక్కటే మాట: డీజిల్ బండా, పెట్రోలు బండా?

తెలుగు మేష్టారికి ఇంజన్ల గొడవ ఏమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. కానీ మీ యింట్లో కూడా రేపో మాపో ఈ ప్రశ్న పుట్టక తప్పదు. అప్పుడు నా తిప్పలు మీకు కొంతయినా పనికివస్తాయి.

అసలు కారు ఎందుకు?

మాది జొన్నాడ. రాజమండ్రి నుంచి జాతీయ రహదారి మీద రావులపాలెం వైపు వస్తూవుంటే గౌతమి వంతెన ఎక్కబోయే ముందు తగిలే వూరు. వంతెన దిగితే రావులపాలెం. లారీలు, బస్సులు, అరటిగెలల వ్యానులు, ఇసుక బళ్ళు రాత్రనక పగలనక మా వూరి పక్కనుంచే పోతూ వుంటాయి. రాజమండ్రిలో నేను పనిచేసే కళాశాల మా యింటికి సుమారు 30 కిలోమీటర్లు. ఇరవై యేళ్ళుగా బస్సులోనే వెళ్ళి వస్తున్నాను. కిటికీ పక్క సీటు దొరికితే కడియపులంక పూలతోటలు చూస్తూ, దొరకని నాడు నిలబడి రేపటి పాఠం మననం చేసుకుంటూ సుఖంగానే వున్నాను. కారు కావాలని నాకు ఎప్పుడూ తోచలేదు.

పోయిన వర్షాకాలంలో ఒక రాత్రి తోచింది. మా అమ్మకు ఉబ్బసం వున్నది. మందులతో అదుపులోనే వుంటుంది గానీ ఆ రాత్రి రెండు గంటలవేళ పీల్చే మందు కూడా పనిచెయ్యలేదు. మంచం మీద కూర్చుని ముందుకు వంగి, మాట రాక చేత్తో సైగచేస్తూ వున్నది. బయట కుండపోతగా వాన. ఎదురింటి అరటికాయల వ్యాపారిగారి తలుపు కొట్టాను. ఆయన మారుమాట లేకుండా లుంగీ మీదనే కారు తీశారు. అరగంట దాటేసరికి రాజమండ్రి ఆస్పత్రిలో వున్నాం. అమ్మ గండం గడిచింది.

తెల్లవారి ఇంటికి వస్తూ వుండగా మా ఆవిడ నెమ్మదిగా అన్నది: "ఆయన ఊళ్ళో వున్నారు కాబట్టి సరిపోయిందండీ. నెలలో సగం రోజులు మార్కెట్ల వెంట తిరిగే మనిషి. లేని రోజున?" దానికి నా దగ్గర సమాధానం లేదు. అమ్మాయి డిగ్రీ తరువాత పైచదువు కోసమని దాచిన డబ్బులో కొంత తీసి, మిగిలింది బ్యాంకులో అప్పు చేసి, కారు కొనాలని ఆ పూటే తీర్మానం అయింది. అంటే, ఇందులో తప్పటడుగు వేస్తే నష్టపోయేది నేనొక్కణ్ణే కాదు, మా అమ్మాయి కూడానన్నమాట.

నాన్నగారి ఓటు

తీర్మానం అయిన మరుక్షణం మా నాన్నగారు తన ఓటు వేసేశారు. "డీజిలే. మరో మాట లేదు."

దీనికి వెనక కథ వున్నది. మా నాన్నగారు ముప్ఫై యేళ్ళు మండపేట వైపు ఒక రైసుమిల్లులో ఇంజను డ్రైవరుగా చేశారు. మనిషెత్తు చక్రం వున్న ఆయిల్ ఇంజను అది. చిన్నప్పుడు ఆయనకు అన్నం కేరేజీ తీసుకుపోతూ వుంటే, మిల్లు కనబడక ముందే "డుబ్ డుబ్" మని చప్పుడు వినబడేది. ఆ చప్పుడును బట్టి ఇంజను ఆరోగ్యం చెప్పగలిగేవారు నాన్నగారు. ఆయన చొక్కాలకు ఎన్ని చాకిరేవులు పెట్టినా డీజిల్ వాసన పోయేది కాదు. ఆ వాసనతోనే నేను ఎమ్మే దాకా చదివాను. ముప్ఫై యేళ్ళూ ఇంజను పక్కన నిలబడ్డందుకు ఆయనకు మిగిలింది కొంచెం పింఛనూ, బోలెడు చెవుడూ.

"ఒరే, పెట్రోలు ఇంజను పెళ్ళివారి గుర్రంలాంటిదిరా. చూడటానికి బాగుంటుంది. డీజిల్ ఇంజను ఎద్దు. మేత తక్కువ, చాకిరీ ఎక్కువ. మన కొంపకి కావలసింది ఎద్దురా, గుర్రం కాదు" అన్నారు.

ఎదురింటి వ్యాపారిగారు కూడా ఆయన పక్షమే. "ఆయ్, మేష్టారూ, నాది డీజిలేనండి. లక్షన్నర కిలోమీటర్లు తిరిగిందండి. ఇప్పటికీ చెక్కు చెదరలేదండి" అన్నారు. అమ్మను కాపాడిన బండి సాక్ష్యం చెబుతూవుంటే కాదనటం ఎలాగ?

మాట పుట్టుక

నేను తెలుగు మేష్టారిని గనుక ముందు మాట ఎక్కడ పుట్టిందో చూశాను. డీజిల్ అనేది నూనె పేరు కాదు, మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మను దంపతులకు పుట్టాడు. ఆవిరి యంత్రాలు తిన్న బొగ్గులో అధికభాగం వృథాగా పోతున్నదని బాధపడి, తక్కువ మేతతో ఎక్కువ పనిచేసే ఇంజను కోసం ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. 1893లో పేటెంటు వచ్చింది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను సరిగా నడిచింది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఆ తరహా ఇంజను ఒకదానిని వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఇంత చేసినవాడి చివరి రోజులు మాత్రం సుఖంగా గడవలేదు. అప్పుల్లో కూరుకుపోయి, 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండుకు పోయే ఓడ మీద నుంచి మాయమైనాడు. కొన్ని రోజుల తరువాత శవం సముద్రంలో దొరికింది.

ఇంజను రహస్యం చాలా సులువు. సైకిలు పంపు గట్టిగా కొడితే కింది భాగం చేతికి వేడిగా తగులుతుంది గదా. గాలిని నొక్కితే వేడెక్కుతుంది, అంతే సంగతి. పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిపి సుమారు పదోవంతుకు నొక్కి, స్పార్కు ప్లగ్గుతో నిప్పురవ్వ పుట్టించి మండిస్తారు. డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ అక్కర లేదు. ఒక్క గాలినే తీసుకుని పదహారోవంతుకో, ఇంకా ఎక్కువకో నొక్కేస్తారు. ఆ గాలి అయిదు వందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే తనంతట తానే మండుతుంది. అంత వొత్తిడి తట్టుకోవాలి గనుక ఇంజను దిట్టంగా, బరువుగా వుండాలి. అందుకే ఖరీదు ఎక్కువ. అంత నొక్కటం వల్ల నూనెలోని శక్తి ఎక్కువ భాగం పనిగా మారుతుంది. అందుకే మైలేజీ ఎక్కువ. నాన్నగారి ఎద్దు ఉపమానంలో పొరపాటు ఏమీ లేదన్నమాట.

చవక అనే భ్రమ ఎక్కడిది?

ప్రపంచంలో మొదట డీజిల్ కారును తయారుచేసి బజారులో పెట్టింది మెర్సిడెస్ బెంజ్ వారు, 1936లో. మన దేశంలో 1980 ప్రాంతంలో అంబాసిడర్ డీజిల్ ఇంజనుతో వచ్చింది. 1998లో టాటా ఇండికా వచ్చి డీజిల్ కారును మధ్యతరగతి గుమ్మం దాకా తెచ్చింది.

అసలు వెర్రి 2010 తరువాత పట్టుకున్నది. ఆ యేడు జూన్‌లో కేంద్రప్రభుత్వం పెట్రోలు ధరను మార్కెట్టుకు వదిలిపెట్టి, డీజిల్ ధరను మాత్రం పట్టి వుంచింది. రైతులకూ, లారీలకూ, బస్సులకూ భారం కాకూడదని. కానీ గోడకు కన్నం వుంటే గాలి ఎవరికోసం అని అడగదు గదా. రైతుకోసం ఆపిన ధర కారువాళ్ళకు కూడా దక్కింది. 2012 మే నెలలో ఢిల్లీలో పెట్రోలు లీటరు సుమారు 73 రూపాయలయితే, డీజిల్ సుమారు 41 రూపాయలు. రెండింటికీ మధ్య 30 రూపాయల పైగా తేడా! ఆ రోజుల్లో దేశంలో అమ్ముడయిన కార్లలో సగానికి పైగా డీజిల్‌వే కావటంలో ఆశ్చర్యం ఏమున్నది?

తరువాత 2013 జనవరి నుంచి డీజిల్ ధరను నెలకు అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబరులో దానినీ మార్కెట్టుకు వదిలేశారు. నేను లెక్క వేసిన నెలలో మా వైపు బంకుల్లో, చిల్లర పక్కనబెడితే, పెట్రోలు 109 రూపాయలు, డీజిల్ 97 రూపాయలు. తేడా 12 రూపాయలు. ముప్ఫై పన్నెండు అయింది గానీ జనం మనసులో "డీజిల్ చవక" అనే మాట మాత్రం అలాగే వుండిపోయింది. భాషలో కూడా ఇంతే. అర్థం మారిపోయినా మాట చాలాకాలం బతుకుతుంది.

కంపెనీల వారు మాత్రం తొందరగానే గ్రహించారు. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ళన్నీ బి.ఎస్. 6 అనే పొగ నిబంధనకు లోబడాలని శాసనం వచ్చినప్పుడు మారుతీవారు డీజిల్ కార్లు పూర్తిగా మానేశారు. చిన్న డీజిల్ ఇంజనుకు కొత్త పరికరాలు తగిలిస్తే ఖరీదు గిట్టుబాటు కాదని వారి లెక్క. మహీంద్రా, టాటా, హ్యుందాయ్ వంటివారు మానలేదు. మన పెనుకొండ దగ్గర 2019 నుంచి కార్లు చేస్తున్న కియావారూ మానలేదు. అయితే డీజిల్ ఇప్పుడు ఎక్కువగా పెద్ద బళ్ళలోనే కనబడుతున్నది.

డాక్టరుగారి ప్రశ్న

అమ్మను చూసే డాక్టరుగారికి ఒకసారి మాటవరసకు చెప్పాను, డీజిల్ కారు కొనబోతున్నామని. ఆయన కళ్ళద్దాల పైనుంచి చూసి, "మీ ఇల్లు హైవే పక్కనే కాదూ? అమ్మగారికి ఆ పొగ చాలదా?" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ ఆ మాట నన్ను రెండురోజులు నిద్రపోనివ్వలేదు.

డీజిల్ పొగను గురించి లోకానికి అనుమానం ఎప్పటినుంచో వున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012 జూన్‌లో ఆ పొగను కాన్సరు కలిగించే పదార్థాల మొదటి తరగతిలో చేర్చింది. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ గుట్టు రట్టయింది. పరీక్ష జరిగేటప్పుడు మాత్రమే పొగ తగ్గించే తంత్రం ప్రపంచం మొత్తం మీద కోటీ పదిలక్షల కార్లలో పెట్టామని వారే ఒప్పుకున్నారు. అదే సంవత్సరం మన జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు తిరగకూడదన్నది. 2018లో సుప్రీంకోర్టు ఔనన్నది. ఆ నిబంధన మీద తరువాత కూడా వాదాలు నడిచాయి. మన రాష్ట్రానికి ఆ పదేళ్ళ గీత లేదు. ఇక్కడ సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 యేళ్ళు. ఆ పైన పరీక్ష చేయించుకుని మళ్ళీ పొడిగించుకోవాలి.

అయితే న్యాయం న్యాయంగానే చెప్పాలి. మా గుమ్మం ముందు నల్లని పొగ కక్కుతూ పోయే పాత లారీనీ, ఇవాళ షోరూములో వున్న డీజిల్ కారునూ ఒక గాటన కట్టకూడదు. బి.ఎస్. 4 నాటి డీజిల్‌లో పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళ దాకా గంధకం వుండవచ్చు. బి.ఎస్. 6లో 10 పాళ్ళే. పైగా పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి బిగిస్తున్నారు. కంటికి కనబడే పొగ దాదాపు లేదనే చెప్పాలి.

నా చిక్కు తీరిందనుకుంటూ వుండగా ఆ జల్లెడే కొత్త చిక్కు తెచ్చింది. రావులపాలెంలో నాకు తెలిసిన మెకానిక్కు ఒకాయన వున్నాడు, నా పాత విద్యార్థికి మేనమామ. ఆయన మొదట అడిగింది ధర కాదు, "రోజూ ఎంత దూరం తిరుగుతారండి?" అని. చాయ్ తెప్పించి జల్లెడ సంగతి విడమరిచి చెప్పాడు. మసి పోగుపడ్డప్పుడు ఇంజను ఆ జల్లెడను ఆరువందల డిగ్రీల దాకా వేడిచేసి ఆ మసిని కాల్చేస్తుంది. అది సాగాలంటే బండి మంచి వేగంతో ఆగకుండా పావుగంటో ఇరవై నిమిషాలో పోవాలి. "సందులో తిప్పి ఇంట్లో పెట్టే బళ్ళకి జల్లెడ పూడుకుపోద్దండి. దీపం వెలుగుద్ది. మీరు కంగారుపడి నా దగ్గరికొస్తారు. నాకు బేరమే గానీ మీకు నష్టమండి" అన్నాడు. తన బేరం పోగొట్టుకుని నిజం చెప్పినవాడిని ఆనాడు చూశాను.

నెల రోజుల చిట్టా

ఆ రాత్రి ఒక నోటుపుస్తకం తీశాను. కారు వున్నట్టే భావించి, నెలరోజుల పాటు మా యింట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా, కారు వుంటే అందులో వెళ్ళేవాళ్ళమా కాదా అని చూసుకుని, దూరం రాశాను. మా అమ్మాయి దానికి "ఉత్తుత్తి కారు చిట్టా" అని పేరు పెట్టింది.

నెలాఖరుకు తేలింది ఇది. అమ్మ వైద్యానికీ, ఇతర పనులకూ రాజమండ్రి మూడుసార్లు, 180 కిలోమీటర్లు. అమలాపురంలో పెళ్ళికి ఒకసారి, రానూ పోనూ 75. మిగిలినవి ఇరవై ప్రయాణాలు. రావులపాలెం బజారు, ఆలమూరులో పని, బస్టాండు నుంచి చుట్టాలను తీసుకురావటం, ఇలాంటివి. అన్నీ కలిసి 225. మొత్తం 480. సంవత్సరానికి 5,700 చిల్లర. వేసవిలో ఒకసారి తిరుపతి వెళ్ళి వస్తే వెయ్యి దాటుతుంది. ఉదారంగా వేసుకున్నా 7,000 కిలోమీటర్లు.

ఇక ధరల లెక్క. నేను చూసిన బండిలో పెట్రోలు రకానికీ డీజిల్ రకానికీ తేడా 1,40,000 రూపాయలు. పెట్రోలు బండి లీటరుకు 16 కిలోమీటర్లు, డీజిల్ బండి 20 అనుకుందాం. అంటే కిలోమీటరుకు పెట్రోలుకు 6 రూపాయల 81 పైసలు, డీజిల్‌కు 4 రూపాయల 85 పైసలు. మిగులు 1 రూపాయి 96 పైసలు. నా 7,000 కిలోమీటర్లకు యేడాదికి మిగిలేది 13,720 రూపాయలు.

బాగానే వున్నదనుకున్నాను. మా ఆవిడ పక్కన కూర్చుని పప్పు ఏరుతూ, "ఆ లక్షా నలభైవేలూ ఎక్కడినుంచి తెస్తారు?" అన్నది.

"బ్యాంకు అప్పులోనే కలుస్తుంది."

"వడ్డీ ఎంత?"

"నూటికి తొమ్మిది."

"అయితే మొదటి యేడు వడ్డీయే పన్నెండువేల ఆరువందలు. మీకు మిగిలేది పదకొండువందల ఇరవై. దానితో మెకానిక్కుకు చాయ్ ఇప్పించండి" అని పప్పు చేట తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎమ్మే చదివిన నాకు మూడు నెలలు పట్టిన లెక్క, చేటెడు పప్పు ఏరేలోగా తేలిపోయింది. అప్పు తీరేకొద్దీ వడ్డీ తగ్గే మాట నిజమే గానీ, డీజిల్ బండికి సర్వీసు ఖర్చు ఎక్కువన్న మాట కూడా నిజమే.

అదే లెక్క ఎదురింటి వ్యాపారిగారికి వేసి చూశాను. ఆయన నెలకు మూడువేల కిలోమీటర్లు తిరుగుతారు. యేడాదికి 36,000. ఆయనకు మిగిలేది 70,560 రూపాయలు. రెండేళ్ళలో పై ఖరీదు రాబడుతుంది, ఆ తరువాతదంతా లాభమే. ఆయన తిరిగేది పెద్దరోడ్డు మీదనే గనుక జల్లెడ కూడా తనంతట తాను శుభ్రపడుతుంది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కానీ అది ఆయన నిజం. నా నిజం వేరు.

ఒక ఆకర్షణ

మా కాలేజీలో లెక్కల మేష్టారు ఒకాయన నా చిట్టా చూసి సవరణ చెప్పాడు. "బస్సెందుకు? కాలేజీకి కూడా కార్లోనే రండి. రోజుకు 60, రెండువందల రోజులకు 12,000. మొత్తం 19,000 అవుతుంది. యేడాదికి 37,000 పైగా మిగులుతుంది. అప్పుడు డీజిలే లాభం!"

లెక్క తప్పు లేదు. ఒక పూటంతా ఆ ఆకర్షణలో పడ్డాను కూడా. తరువాత తట్టింది. డీజిల్ బండి మీద కిలోమీటరుకు మిగిలేది రెండు రూపాయలే గానీ, మిగలాలంటే ముందు నాలుగు రూపాయల 85 పైసలు ఖర్చు పెట్టాలి గదా! ఆ 12,000 కిలోమీటర్లకు డీజిల్ ఖర్చే 58,000 దాటుతుంది. బస్సులో అయితే ఆ ఖర్చులో కొద్ది భాగంతో పోయివస్తాను, పైగా చేతులు ఖాళీగా వుంటాయి, పరీక్ష పేపర్లు దిద్దుకోవచ్చు. అవసరానికి కారు కొనటం వేరు, కొన్న కారుకు అవసరం కల్పించటం వేరు. రెండోదానికి అంతం లేదు.

ఇతర మార్గాలు కూడా ఆలోచించకపోలేదు. గ్యాసు బండి చవక. గ్యాసు మన కోనసీమ నేలలోనే వున్నది. 1995లో పాశర్లపూడిలో బావి రెండు నెలలకు పైగా మండినప్పుడు దాని ఉగ్రరూపం కూడా చూశాం. కానీ చాలా గ్యాసు బళ్ళలో వెనక డిక్కీ సిలిండరుకే సరిపోతుంది. కోనసీమ ప్రాంతం మనిషి కొబ్బరికాయల బస్తా లేకుండా చుట్టాలింటికి ఎలా వెళతాడు? ఇక కరెంటు కారు. నా చిట్టాలోని చిన్న ప్రయాణాలకు అది చక్కగా సరిపోతుందని ఒప్పుకోవాలి. అయితే దాని ఖరీదు నా జేబుకు అందలేదు. "అది నేను ఉద్యోగం చేసి కొంటాలే నాన్నా" అన్నది మా అమ్మాయి. ఆ మాట రాసి పెట్టుకున్నాను.

తీర్పు

అన్ని లెక్కలూ తేలినా ఒక్క పని మిగిలింది. నాన్నగారికి చెప్పటం. డీజిల్ వద్దంటే, ఆయన ముప్ఫై యేళ్ళ చాకిరీని వద్దన్నట్లు వుంటుందేమోనని నా భయం. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని వుండగా నోటుపుస్తకం తీసి, ఆయన చెవి దగ్గర గట్టిగా చదివి వినిపించాను. చిన్న చిన్న ప్రయాణాలు ఇరవై అన్నచోట ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఎంత దూరాలు?"

"అయిదారు కిలోమీటర్లు. పది నిమిషాల్లో వెళ్ళి ఆగిపోవటమే."

ఆయన కాసేపు వంతెన వైపు చూస్తూ వూరుకున్నారు. తరువాత అన్నారు: "మిల్లులో ఎప్పుడన్నా ఒకళ్ళిద్దరు రైతులు రెండేసి బస్తాలు తెచ్చి ఆడించమనేవాళ్ళురా. ఆ రెండు బస్తాలకోసం పెద్ద ఇంజను స్టార్టు చేసేవాణ్ణి కాదు. వేడెక్కేలోపల ఆపేస్తే ఇంజనుకి చేటు. లోపలంతా మసి పట్టేస్తుంది. పది మంది కూడేదాకా ఆగమనేవాణ్ణి. ఎద్దు వుందని పూలసజ్జ మోయించకూడదు. మనకి పెట్రోలు బండే తీసుకో."

మెకానిక్కు చెప్పిందీ అదే, పుస్తకాలు చెప్పిందీ అదే. కానీ ఆయన నోట వచ్చినప్పుడే నాకు తీర్పు విన్నట్లయింది.

కనుక, పాఠకులకు నా సలహా ఒక్కటే. ఎదురింటివారి బండిని చూసి కొనకండి, పాత రోజుల ధరను తలుచుకుని కొనకండి. ఒక నెల చిట్టా రాయండి. రోజూ పెద్దరోడ్డు మీద యాభై, అరవై కిలోమీటర్లు తప్పనిసరిగా తిరిగేవారికి డీజిల్ ఇప్పటికీ మంచి సేవకుడే. ఊళ్ళో తిరిగి ఇంటికి చేరేవారికి కాదు. బండిని కొలిచే ముందు మన దారిని కొలుచుకోవాలి. అప్పు తెచ్చేవారు వడ్డీని కూడా ఆ చిట్టాలోనే రాసుకోవాలి. పన్ను సంగతి కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవుండి, 1,200 సి.సి. మించని పెట్రోలు కారుకూ, 1,500 సి.సి. మించని డీజిల్ కారుకూ జి.ఎస్.టి. నూటికి 18. అది దాటితే 40.

మా చిన్న పెట్రోలు కారు పోయిన నెలలో వచ్చింది. పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, మొదటి ప్రయాణం గౌతమి వంతెన దాటి రావులపాలెం దాకా అనుకున్నాం. అమ్మా, మా ఆవిడా, అమ్మాయీ వెనక కూర్చున్నారు. నాన్నగారు ముందు సీట్లో దర్జాగా కూర్చుని, చాలాసేపు ఎదురుచూసి, ఇక వుండబట్టలేక నా వైపు తిరిగారు.

"ఏరా, ఇంకా స్టార్టు చెయ్యవేమిరా?"

"తాతయ్యా, చేసి అయిదు నిమిషాలయింది" అని అమ్మాయి ఒకటే నవ్వు.

నాన్నగారు ముందుకు వంగి, ఎదర బల్ల మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని ఒక్క క్షణం వున్నారు. పూర్వం మిల్లులో ఇంజను మీద కూడా ఇలాగే చెయ్యి వేసేవారు.

"ఆఁ, నడుస్తోంది. పోనియ్" అన్నారు.